రైలు దిగినవాళ్ళ ఇల్లు

మా ఇల్లు చిలకలగూడలో. సికింద్రాబాద్ స్టేషన్‌కి నడిచి పది నిమిషాలు. ఎంత అదృష్టమమ్మా అంటారు విన్నవాళ్ళు. పెళ్ళికి ముందు నేనూ అలాగే అనుకున్నాను. ఆ పది నిమిషాలే నన్ను ముప్పై ఒక్క ఏళ్ళు ఇంట్లో కట్టి పడేస్తాయని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

నేను మల్కాజ్‌గిరి పిల్లను. మా వాళ్ళు ఎన్ని తరాలుగానో ఇక్కడివాళ్ళే. మా ఆయనదీ నాదీ ఒకే ఆఫీసు, పక్కపక్క బల్లలు. ఇష్టపడి చేసుకున్నాం. వాళ్ళది గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఆయన తాతగారు రైల్వేలో ఫిట్టరు ఉద్యోగం దొరికి ఈ ఊరొచ్చారు. చోటిస్తానన్న ఊరివాడి ఇల్లు వెతుక్కుంటూ వెళ్తే తలుపుకు తాళం కనపడిందట. ఆ మనిషి ఎవరి పెళ్ళికో పోయాడు. సగం మాటలు అర్థం కాని ఊళ్ళో, ట్రంకుపెట్టె పక్కన పెట్టుకుని మూడు రోజులు ప్లాట్‌ఫారం మీదే ఉన్నారట పెద్దాయన. తరువాత పట్టుబట్టి స్టేషన్ దగ్గరే ఇల్లు కట్టుకుని ఒక నియమం పెట్టారు. తమ వైపు నుంచి రైలు దిగినవాడికి ఈ ఇల్లు ఎన్నడూ తాళం వేసి కనపడకూడదు.

నియమం పెట్టి ఆయన హాయిగా డ్యూటీకి వెళ్ళిపోయారు. మోసింది ఆడవాళ్ళు. ముందు ఆయన భార్య, తరువాత మా అత్తయ్య, ఆ తరువాత నేను.

ఎవరెవరు వచ్చారో చెప్పమంటే నోరు నొప్పి పుడుతుంది. ఉద్యోగం వెతుక్కునేవాళ్ళు, పరీక్షలు రాసేవాళ్ళు, ఆస్పత్రి పనిమీద వచ్చినవాళ్ళు, పాస్‌పోర్టు కోసం వచ్చినవాళ్ళు, చార్మినార్ చూసిపోదామని వచ్చి పది రోజులున్నవాళ్ళు. మామగారు వాళ్ళ దరఖాస్తులు నింపేవారు, ఆఫీసుల చుట్టూ తిప్పేవారు. అత్తయ్య వండేది. ఈ ఊళ్ళో ఇప్పుడు సొంత ఇళ్ళూ కార్లూ ఉన్న వాళ్ళ చుట్టాల్లో చాలామంది కొత్తలో మా వరండాలో చాప వేసుకుని పడుకున్నవాళ్ళే. ఆ మాట అత్తయ్య గర్వంగా చెబుతుంది. నాకు మాత్రం ఆ చాపలు దులిపిన సంగతే గుర్తొస్తుంది.

నువ్వు ఉద్యోగం మానెయ్ అని నాతో ఎవరూ అనలేదు. అంటే పోట్లాడేదాన్ని. అమ్మాయి పుట్టింది, అత్తయ్యకు మోకాళ్ళు పట్టేశాయి, పొద్దున ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా అన్నారు, అంతే. ఆ ‘ఎవరో ఒకరు’ నేనేనని తెలుసుకోవడానికి ఒక సెలవు చీటీ, తరువాత ఒక రాజీనామా కాగితం పట్టాయి. మా ఆయన బల్ల అక్కడే ఉంది, రిటైరయ్యేదాకా.

మల్కాజ్‌గిరి ఎంత దూరమని. లోకల్ ట్రైన్ ఎక్కితే కుదురుగా కూర్చునే లోపే దిగాలి. అయినా మా అమ్మే నన్ను చూడ్డానికి వచ్చేది. గుమ్మం ముందు చెప్పుల గుట్ట చూసి నిట్టూర్చేది.

“గిదేం ఇల్లు బిడ్డా, ధర్మసత్రం లెక్కున్నది. జెర నాలుగు దినాలు ఇంటికొచ్చి పండు, నీ తక్లీఫ్ నేను చూడలేకపోతున్న” అనేది.

వస్తానమ్మా అనేదాన్ని. అమ్మకు తుంటి ఆపరేషన్ అయినప్పుడు మా ఇంట్లో ముగ్గురు పరీక్షలవాళ్ళున్నారు. పొద్దున వంట చేసి వెళ్ళి, చీకటిపడే లోపు వచ్చేసేదాన్ని. అమ్మ పోయేదాకా ఆ నాలుగు రోజులు కుదరలేదు. దీనికి నేను ఎవర్నీ క్షమించలేదు, నన్ను కూడా.

ఆరేళ్ళ క్రితం నేరేడ్‌మెట్‌లో ఫ్లాటు కొన్నాం. మూడో అంతస్తు. వంటింటి టైల్స్ నేనే ఏరుకున్నాను. అప్పటికి మామగారు పోయారు, మా అమ్మాయి పూనాలో ఉద్యోగంలో చేరింది. ముగ్గురమే కదా, వెళ్ళిపోదాం అన్నాను. వచ్చేవాళ్ళు ఎక్కడికి పోతారమ్మాయ్ అంది అత్తయ్య. సరే, ఒక్క ఏడాది అని అద్దెకిచ్చాం. ఆ ఒక్క ఏడాది ఆరుసార్లు వచ్చింది.

ఈసారి మాత్రం నేను గట్టిగా కూర్చున్నాను. నాకు యాభై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు వెళ్ళకపోతే ఇంకెప్పుడూ వెళ్ళను, ఈ వరండాలోంచే నన్ను కూడా మోసుకుపోతారు. అద్దెకున్నవాళ్ళ గడువు దగ్గరపడుతోంది, ఈసారి ఖాళీ చేయించండి అన్నాను మా ఆయనతో. నాదేముంది, అమ్మను ఒప్పించు, రేపే వెళ్దాం అన్నాడు. అలా బంతి తెచ్చి నా ఒళ్ళో వేశాడు.

నిజానికి కొన్నేళ్ళుగా రైలు దిగినవాళ్ళెవరూ మా ఇంటికి రావడం లేదు. పరీక్షలు లేవేమో, ఎండలేమో అనేది అత్తయ్య. ఎనభై నాలుగేళ్ళ మనిషి, ఇప్పటికీ తెల్లారేసరికి స్నానం చేసి, వీధి తలుపు బార్లా తీసి, వరండాలో కుర్చీ వేసుకుంటుంది. ఆమె కూర్చున్నంతసేపూ నేను ఇల్లు కదలకూడదు. ఎవరైనా వస్తే కాఫీ ఇచ్చేదెవరు?

పోయిన నెలలో ఒకరోజు పొద్దున కొత్తిమీర కట్ట కోసం వెళ్ళాను. సందు చివర లాడ్జి కింద టిఫిన్ సెంటర్ ఉంది. అక్కడ నిలబడి ఇడ్లీ తింటున్నాడు అత్తయ్య చెల్లెలి కొడుకు. నాకు మరిది. బ్యాంకు పరీక్షల కోసం మా ఇంట్లో పదకొండు నెలలున్నాడు. కామెర్లు వస్తే నెల రోజులు విడిగా పథ్యం వండి పెట్టాను. ఇప్పుడు మేనేజరు. కూతురి కాలేజీ సీటు పనిమీద వచ్చి మూడు రోజులైందట, ఆ పైన లాడ్జిలోనే దిగాడట. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే వినడమే గానీ, తెప్పకు రెండు వందల గజాల దూరంలో నిలబడి ఇడ్లీ తినడం అప్పుడే చూశాను.

నన్ను చూసి ప్లేటు కింద పెట్టేశాడు. మీకెందుకు శ్రమ అని, పిల్ల కూడా ఉందని ఏవేవో చెప్పాడు. నేను కదలకుండా చూస్తూ నిలబడ్డాను. చివరికి తల దించుకున్నాడు.

“అబద్ధమెందుకు వదినా. మీ ఇంటికొస్తే నేనింకా ఆ చాప మీద కుర్రాడిలాగే ఉంటాను. మా అమ్మాయి ముందు అలా ఉండలేను. పెద్దమ్మకు చెప్పకండి.”

చెప్పనని మాటివ్వలేదు. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు మండిపోతోంది. వాడి మీద కోపం కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఎవరి కోసం ఇల్లు కదలకుండా కూర్చున్నానో వాళ్ళకు ఈ ఇల్లు గుర్తుచేసుకోవడమే ఇష్టం లేదు. మరి నా ఉద్యోగం ఎవరి కోసం పోయింది? అమ్మ అడిగిన నాలుగు రోజులు ఎవరి కోసం పోయాయి? వరండాలో అత్తయ్య ముందు నిలబడి మొత్తం చెప్పేశాను. ఎవరూ రారు అత్తయ్యా, మన అవసరం తీరిపోయింది, ఇక నన్ను వదలండి అన్నాను. అంత పెద్దగా ఆవిడతో ఎన్నడూ మాట్లాడలేదు.

అత్తయ్య నా వైపు చూడలేదు. వీధిలోకే చూస్తూ అంది.

“తెలుసమ్మాయ్. పోయినేడాది మా తమ్ముడి కొడుకు కూడా ఆ లాడ్జిలోనే దిగాడు. ఆటోలోంచి దిగుతుంటే చూశాను. నేనే తల తిప్పుకున్నాను.”

“తెలిసి కూడా ఎందుకు కూర్చుంటున్నారు మరి?”

“ఊరెళ్తే హైదరాబాదు వాళ్ళొచ్చారంటారు. అరవై నాలుగేళ్ళుగా ఇక్కడుంటే ఇక్కడేమో ఆంధ్రావాళ్ళంటారు. మీ అమ్మ కూడా అనేది, తప్పు పట్టలేదులే. నాకు ఊరంటే ఈ తలుపులోంచి వచ్చినవాళ్ళే. నేరేడ్‌మెట్టులో మూడో అంతస్తులో కూర్చుంటే నేనెవర్ని అమ్మాయ్?”

నా దగ్గర చాలా జవాబులున్నాయి. ఏళ్ళ తరబడి అంట్లు తోముతూ కూర్చుకున్న జవాబులు. అవన్నీ అలాగే పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆవిడ ‘ఇక్కడ’ అన్నప్పుడు అందులో నేనూ ఉన్నాను. నాకు ఆవిడ మీద జాలి వేసింది. అంతకంటే ఘోరం ఇంకోటి లేదు. కోపం ఉన్నంతకాలం ఏదో ఒకరోజు గడప దాటుతానని నమ్మకం ఉండేది.

రెండు రోజులు కక్కలేక మింగలేక తిరిగాను. మూడో రోజు సాయంత్రం మిద్దె మీద బట్టలు తీస్తుంటే మా ఆయన వచ్చాడు. చెబితే ఆశ్చర్యపోతాడనుకున్నాను. నువ్వెంత మంచిదానివి అంటాడని కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు. ఆ ఫ్లాటువాళ్ళను ఇంకో ఏడాది ఉండనివ్వండి, అత్తయ్య ఇక్కడే ఉంటారు అన్నాను.

ఆయన ముఖం విచ్చుకుంది.

“హమ్మయ్య. నీకెలా చెప్పాలా అని చూస్తున్నా. వాళ్ళతో రెండు నెలల కిందే మాట్లాడేశా, ఇంకో రెండేళ్ళు ఉండమని. అగ్రిమెంట్ కూడా అయిపోయింది.”

నా చేతిలోంచి తువ్వాలు తీసుకుని మడత పెట్టి, టీ పెడతావా అని అడిగి కిందికి వెళ్ళిపోయాడు. ఆ రెండు నెలలూ అత్తయ్యను ఎలా ఒప్పించాలో నేను రోజూ ఆయనతోనే చెప్పుకున్నాను. అలా కాదు, ఇలా చెప్పు అని మాటలు కూడా అందించాడు.