పెదనాన్నకు అలుపొచ్చింది

మా పెదనాన్నకు అలుపెక్కువ. ఆయన గురించి ఇంకేం చెప్పినా దీని తరవాతే చెప్పాలి. కొందరికి కోపం ముక్కు మీద ఉంటుంది, ఆయనకు అలుపు అరికాళ్ళలో ఉంటుంది. గుమ్మం దిగి వీధి మలుపు తిరిగీ తిరక్కముందే, "కాస్త కూర్చుందాం, నాకు అలుపొచ్చింది" అంటాడు. అరుగు, బస్టాపు బల్ల, దుకాణం మెట్టు, ఏది దొరికినా సరే. మనం ఊళ్ళో దారులు గుర్తుపెట్టుకుంటాం, ఆయన కూర్చునే చోట్లు గుర్తుపెట్టుకుంటాడు.

మనిషిని చూస్తే మాత్రం అలా అనిపించడు. ఉక్కుముక్కలా ఉంటాడు. చేసే పని లిఫ్టులు బాగుచేయడం. "మెట్లెక్కే బాధ తప్పుతుందనే ఆ పనిలో చేరాడు" అని మా నాన్న తన అన్నగారి మీద జోకేసేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం, నవ్వుతూ నవ్వుతూ నమ్మేశాం కూడా.

ఆయన భుజాన ఎప్పుడూ ఒక మడత స్టూలు వేలాడుతుంటుంది. మూడు కాళ్ళు, పైన కాన్వాసు గుడ్డ. చిత్రమేమిటంటే, ఆ స్టూలు మీద ఆయన కూర్చోగా చూసినవాళ్ళు లేరు. దాన్ని విప్పుతాడు, కాళ్ళు నేలకి సరిగ్గా ఆనాయో లేదో ఊపి చూస్తాడు, ఆపైన "ఇది నా బరువుకి ఆగదు" అని పక్కన నేల మీద చతికిలబడతాడు.

"ఆగనిదాన్ని మోసుకు రావడం దేనికండీ?" అంటుంది పెద్దమ్మ.

"అలవాటైపోయింది."

ఖాళీ స్టూలు ఎవరైనా ఎత్తుకుపోతారని పెద్దమ్మ దాని మీద కూర్చుంటుంది. మొహం మాత్రం ధుమధుమలాడిస్తూనే ఉంటుంది.

ఒకసారి రైల్వేస్టేషన్‌లో పైవంతెన మధ్యకి వచ్చాక ఆయనకు అలుపొచ్చింది. మా రైలు కింద ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది. జనం మమ్మల్ని తోసుకుంటూ, తిట్టుకుంటూ పోతున్నారు. ఈయన తాపీగా స్టూలు విప్పాడు. ఒక పోర్టరు ఆగి, "అయ్యా, సామాను మొయ్యాలా, మిమ్మల్ని మొయ్యాలా?" అన్నాడు.

"నన్నైతే మెల్లగా తీసుకెళ్తావా?"

"అవతల రైలు కదిలిపోతుంది నాన్నా," అని మా అక్క మొత్తుకుంది. అక్క అంటే పెదనాన్న కూతురు.

"దానికీ అలుపొచ్చే కదే ఆగింది. కాసేపు ఉండనీ."

ఆ అలుపు వల్ల ఇంట్లో అందరికంటే లాభపడిన దాన్ని నేనే. చిన్నప్పుడు నాకు ఉబ్బసం ఉండేది. మా నాన్నకు పొద్దున్నే డ్యూటీ, అందుకని పెదనాన్నే నన్ను స్కూలుకి నడిపించి తీసుకెళ్ళేవాడు. నా అదృష్టం కొద్దీ, నాకు ఆయాసం మొదలయ్యేలోపే ఆయన అలిసిపోయేవాడు. ఇద్దరం కలిసి కూర్చుని, దారినపోయేవాళ్ళ నడకలకి పేర్లు పెట్టుకుని, మళ్ళీ లేచేవాళ్ళం. స్కూలుకి ఆలస్యమైతే టీచరు ఆయన్నే కోప్పడేది. ఆయన తల వంచుకుని, "నా ఒళ్ళంతేనండీ" అనేవాడు.

పెద్దమ్మది పూర్తిగా వేరే మట్టి. జాగ్రఫీ టీచరు. ఆవిడ క్లాసులో కుర్చీ ఉండేది గానీ, దాని మీద హాజరుపట్టీ తప్ప ఇంకేదీ కూర్చున్న దాఖలా లేదు. "కూర్చుని చెప్తే పాఠం కూడా కూర్చునే ఉంటుంది, పిల్లల తలకెక్కదు" అనేది. నడుం వాల్చడమన్నా, చెయ్యి ఆసరా అడగడమన్నా ఆవిడకు తలకొట్టేసినట్టుండేది. ఇలాంటి మనిషికి అలాంటి మొగుడు దొరికాడని చుట్టాలంతా ఆవిణ్ణి చూసి జాలిపడేవాళ్ళు.

ఆవిడకు ఒకే ఒక్క కోరిక ఉండేది. అగ్నిపర్వతాలు కక్కిన బూడిద పొరలు పొరలుగా పడి, గట్టిపడి, మెత్తటి రాయిగా మారిన ప్రాంతం ఒకటుంది. వానా గాలీ ఆ రాతిని చెక్కుకుంటూ పోయి లోయనిండా స్తంభాలు నిలబెట్టాయి. ఒక్కో స్తంభం నెత్తిన ఒక్కో నల్లరాయి, టోపీ పెట్టుకున్నట్టు ఉంటుందట. పెద్దమ్మ ఏటా ఆ పాఠం చెప్పేది, ఏటా బోర్డు మీద ఆ బొమ్మ వేసేది, ఏటా చెరిపేసేది. రిటైరైన రోజున ఇంటికొచ్చి, "ఇన్నేళ్ళూ సుద్దతో గీశాను. ఒక్కసారి ఆ రాయిని చేత్తో ముట్టుకోవాలి" అంది. ఆవిడ నోటివెంట ఏదైనా కావాలన్న మాట మేం వినడం అదే మొదలు. అందుకే అందరం కట్టకట్టుకుని ప్రయాణానికి పూనుకున్నాం.

ప్లాను వేసే పని అక్క మొగుడు, మా బావ, నెత్తినేసుకున్నాడు. ఆయన సెలవుల్ని కూడా డ్యూటీలాగే చేస్తాడు. ఆదివారం పొద్దున ముందుగదిలో బల్ల మీద మ్యాపు పరిచి, చుట్టుకుపోకుండా మూలల మీద టీ గ్లాసులు పెట్టి, పెన్సిలు చెక్కుకుని మొదలుపెట్టాడు.

"తెల్లారేసరికి ఈ శిఖరం మీదుండాలి."

"అక్కడ కూర్చోవడానికి ఏముంది?" అన్నాడు పెదనాన్న.

"రాళ్ళున్నాయి మామయ్యగారూ. అక్కడంతా రాళ్ళే."

"నున్నగా ఉంటాయా, గుచ్చుకుంటాయా?"

"అగ్నిపర్వతం పేలినప్పుడు పరుపులు వెయ్యాలని ఎవరికీ తోచలేదండీ," అన్నాడు బావ. "ఎండెక్కేలోపు అక్కణ్ణుంచి లోయలోకి దిగుతాం."

"దిగాక మళ్ళీ ఎక్కాలా?"

"అక్కడే కాపురం పెడితే అక్కర్లేదు."

పెదనాన్న అంతటితో ఊరుకోలేదు. మేం దిగబోయే హోటలుకి ఫోన్ చేశాడు. అది రాతిలో తొలిచిన హోటలు, గదికి మెట్లెక్కి పోవాలి. "పట్టుకోడానికి కమ్మీ ఉందా? ఎక్కేటప్పుడు ఎడమచేతికి అందుతుందా, కుడిచేతికా? మధ్యలో ఎక్కడైనా కాస్త వెడల్పుగా ఉంటుందా, స్టూలు పట్టేంత?" ఆ సంభాషణ చాలాసేపు సాగింది. ఆయన ఫోన్ పెట్టేశాక, "పాపం, అవతలి మనిషికీ అలుపొచ్చుంటుంది" అంది అక్క.

బావ పెన్సిలు కింద పెట్టి మామగారి వైపు దయగా చూశాడు. ఆయన దయ తలిచినప్పుడే మాకు భయమేస్తుంది.

"మామయ్యగారూ, మీరు అవస్థపడొద్దు. హోటల్లో హాయిగా పడుకోండి, వరండాలోంచి రాళ్ళన్నీ కనపడతాయట. అత్తయ్యగారిని మేం తిప్పి తీసుకొస్తాం. ఆవిడ మాతో సమానంగా నడవగలరు."

మాకందరికీ భలే ఆలోచన అనిపించింది. పెదనాన్న మొహం మాత్రం పాలిపోయింది. ఏదో అనబోయి, పెద్దమ్మ వైపు చూసి, మింగేశాడు. పెద్దమ్మ మ్యాపు మీది ఆ లోయని వేలితో ఒకసారి రాసింది.

"ఆయన్ని వదిలేసి నేను రాను," అంది. "ఈ ప్రయాణం మానేద్దాం. బొమ్మల్లో చూశాను కదా, చాలు."

అక్కకు ఏడుపొచ్చినంత పనైంది. "చూశావా నాన్నా? అమ్మ జన్మకో కోరిక కోరింది. నీ బద్ధకం కోసం అదీ వదులుకుంటోంది."

"నా ఒళ్ళంతేనమ్మా, ఏం చెయ్యను," అన్నాడు పెదనాన్న నేల చూస్తూ, స్కూలు గేటు దగ్గర అన్నట్టే.

మర్నాడు ఆయన పని చేసే చోటికి నన్ను రాయబారం పంపారు. నా మాట వింటాడని అందరి నమ్మకం. "నేను హోటల్లో ఉంటాను, నువ్వు వెళ్ళిరా" అని ఆయనే పెద్దమ్మతో చెప్పేట్టు ఒప్పించాలి.

అది పెద్ద ఆఫీసు బిల్డింగు. లిఫ్టు తలుపుకి "పనిచేయుట లేదు" అన్న బోర్డు వేలాడుతోంది. వాచ్‌మన్‌ని అడిగితే, "మెకానిక్ గారా? పొద్దున్నించీ పైకీ కిందికీ తిరుగుతూనే ఉన్నారమ్మా. ప్రస్తుతానికి ఎక్కడున్నారో చెప్పలేను" అన్నాడు. సరే, పై గదిలో మోటారు దగ్గరుంటాడని మెట్లెక్కడం మొదలుపెట్టాను. సగం దూరానికే నా గుండె చెవుల్లోకొచ్చింది. గోడకి చేరబడి ఊపిరి తీసుకుంటుంటే, కింది నుంచి కూనిరాగం వినిపించింది. భుజాన పనిముట్ల సంచీ, మెళ్ళో తాడుచుట్ట, రెండేసి మెట్లు ఒక్క అంగలో దాటుకుంటూ ఒక మనిషి నన్ను దాటి పైకి పోయాడు. పోయి, ఆగి, వెనక్కి తిరిగాడు.

మా పెదనాన్న.

నన్ను చూడగానే నడుం వంగిపోయింది, చెయ్యి గోడ మీదికి పోయింది. "అబ్బా, చచ్చానమ్మా. కాస్త కూర్చుందాం, నాకు..."

"నటించకు పెదనాన్నా. నీకు చెమటైనా పట్టలేదు."

ఆయన దొరికిపోయిన పిల్లాడిలా నవ్వాడు. "లిఫ్టు పనిచేస్తుంటే నన్నెవరు పిలుస్తారమ్మా? నేను పోయే ప్రతి బిల్డింగులోనూ అది చెడిపోయే ఉంటుంది."

ఇంతమందిమి, ఇన్నేళ్ళు, చదువులు చదివి, ఉద్యోగాలు చేసి, ఈ పాటి విషయం ఒక్కరికీ తట్టలేదు. నేను ఉన్నచోటే మెట్టు మీద కూలబడ్డాను. ఆయనా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మీ పెద్దమ్మ ఎడమ మోకాలు అరిగిపోయిందే. బోర్డు దగ్గర నిలబడీ నిలబడీ. డాక్టరు నడవమన్నాడు, నడుస్తూ మధ్యమధ్య కూర్చోమన్నాడు. నడవడానికి ఆవిడకేం అభ్యంతరం లేదు."

"కూర్చుంటానని అడగొచ్చు కదా?"

"ఎవరు, ఆవిడా? ఎంతమందిని బెంచీ ఎక్కించిన మనిషి. అడిగి కూర్చోవాల్సి వస్తే ఇంట్లోంచి కదలడమే మానేస్తుంది. నొప్పని మాటవరసకి కూడా నాతో అనలేదు ఎప్పుడూ."

"మరి ఎప్పుడు ఆగాలో నీకెలా తెలుస్తుంది?"

"ఆగిపోయాక తెలుసుకోవడం ఎవరైనా చేస్తారు. ఏ లిఫ్టయినా ఆగడానికి ముందు చప్పుడు మారుతుంది. ఆవిడ ఎడమ చెప్పు నేలకి కాస్త రాసుకుంటుంది. అది వినపడితే నాకు అలుపొస్తుంది." సంచీలోని రెంచీలు సర్దుకుంటూ నిట్టూర్చాడు. "ఇప్పుడు నన్ను హోటల్లో కూలేసి ఆవిణ్ణి తీసుకుపోతే, అక్కడ అలుపు ఎవరికి రావాలి? పోనీ నాకేం అలుపు లేదందామా, మరి ఇన్నాళ్ళూ ఎవరి కోసం కూర్చున్నావంటారు."

నాకు అప్పటికి వెలిగింది. "పెదనాన్నా, నన్ను స్కూలుకి తీసుకెళ్ళేటప్పుడు..."

"నీకేముందిలే. ఛాతీలో చిన్న ఈల వేసేదానివి. అదీ ముందే తెలిసిపోయేది."

నన్ను బడిలో ఎవరూ రోగిష్టి పిల్ల అనలేదు. దారిలో ఆగితే ఆయన కోసం ఆగాననుకునేవాళ్ళు. ఆలస్యమైతే తిట్లు ఆయన తినేవాడు. ఇంట్లో జోకులూ ఆయన మీదే, వాటిల్లో సగం నేను వేసినవే. ఒక మనిషి బద్ధకస్తుడన్న పేరు మోస్తూ నా బాల్యమంతా నాకు మర్యాదగా గడిపి పెట్టాడు. ఆయనకు నేనెంత రుణపడ్డానో అక్కడ, ఆ సిమెంటు మెట్ల మీద నాకు తెలిసింది. ఏం చెయ్యాలో తోచక, కనీసం సాయం పడదామని ఆయన సంచీ ఎత్తబోయాను. అది కదల్లేదు.

"ఎవరితోనూ అనకు," అన్నాడు, దాన్ని చిటికెలో భుజానికెత్తుకుంటూ.

"అనను. కానీ ఇకనుంచి నాకూ అలుపొస్తుంది."

సాయంత్రం ఇంటికెళ్ళి బావతో చెప్పేశాను. నాకు చిన్నప్పటి ఆయాసం పూర్తిగా పోలేదనీ, ఈ ప్లానైతే పెదనాన్నకు తోడుగా నేనూ హోటల్లోనే పడుంటాననీ, పెద్దమ్మ ఎలాగూ రానంటోంది కాబట్టి తనూ అక్కా ఇద్దరే వెళ్ళి రాళ్ళు చూసి రావచ్చనీ.

బావ నన్ను చూశాడు, పెదనాన్నను చూశాడు, ఆఖరికి తన భార్యను అనుమానంగా చూశాడు. "ఇది మీ వంశంలోనే ఉందా మరదలా? పెళ్ళప్పుడు ఒక్కరూ చెప్పలేదే."

అయినా మంచివాడు. రబ్బరు తెచ్చుకుని శిఖరాన్ని చెరిపేశాడు. రోజు పనిని రెండు రోజులకి సాగదీశాడు. పెదనాన్న ఎక్కడ కూర్చోవాలంటే అక్కడ చుక్క పెట్టుకుంటూ పోయాడు. అంతా అయ్యేసరికి మ్యాపుకి ఆటలమ్మ పోసినట్టుంది. "ఇంతమంది నీరసపు మనుషుల్ని వెంటేసుకుని తిరగడం నా ఖర్మ," అంది పెద్దమ్మ. అప్పటికే ఆవిడ పెట్టె సగం సర్దేసింది.

ఆ లోయలోకి దిగిన పొద్దున పెద్దమ్మ మొట్టమొదటి స్తంభం దగ్గరికి పోయి రాతి మీద అరచెయ్యి ఆనించింది. తీసి చూసుకుంటే చేతికి తెల్లగా పొడి అంటుకుంది. "సుద్దముక్కలాగే ఉంది," అంది. చాలాసేపు ఆ చెయ్యి దులుపుకోలేదు.

పెదనాన్న నోరు తెరుచుకుని స్తంభం నెత్తిమీది టోపీరాయినే చూస్తున్నాడు. "అంత బరువు పైన పెట్టుకుని అది ఎలా నిలబడిందే?"

"ఆ బరువుండబట్టే నిలబడింది. అది లేకపోతే ఎప్పుడో వానకి కరిగిపోయేది," అని పెద్దమ్మ పాఠం చెప్పింది.

ఇక ఆయనకు ఒళ్ళు తెలియలేదు. ఒక రాయి తరవాత ఇంకో రాయి, తల పైకెత్తుకుని చకచకా నడుచుకుంటూ పోయాడు. స్టూలు ఆయన భుజాన ఊగుతూ దూరమైపోతోంది. మ్యాపులో మొదటి చుక్క దాటిపోయింది, ఆయనకు గుర్తులేదు. నా వెనక పెద్దమ్మ ఎడమ చెప్పు నేలకి రాసుకున్న చప్పుడు నాకు వినిపించింది. అలుపొచ్చిందని అందామని నోరు తెరిచేలోపే, లోయంతా మారుమోగేలా క్లాసు గొంతు లేచింది.

"ఏమండీ."

ఆయన ఠక్కున ఆగి వెనక్కి తిరిగాడు.

"మీకు అలుపొచ్చింది."

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ చూపు తిప్పుకోలేదు. చూడగా చూడగా ఆయన చెయ్యి నడుం మీదికి పోయింది, వీపు వంగింది, కాళ్ళీడ్చుకుంటూ వెనక్కి వచ్చాడు.

"అవునే, చచ్చేంత వచ్చింది. నేనే చూసుకోలేదు." స్టూలు విప్పి, కాళ్ళు ఆనాయో లేదో ఊపి చూశాడు. "ఇది నా బరువుకి..."

"ఆగదు. తెలుసు," అని పెద్దమ్మ కూర్చుంది. మొహంలో ధుమధుమలు లేవు.

ముందు పోతున్న బావ వెనక్కి తిరిగి కేకేశాడు. "మామయ్యగారూ, అప్పుడేనా?"

"ఏం చెయ్యను నాయనా, నా ఒళ్ళంతే," అంటూ పెదనాన్న పక్కనున్న రాతిని అరచేత్తో నిమిరి చూసి కూర్చున్నాడు. "పైగా ఇది నున్నగా కూడా ఉంది."