అరువు నాలుక

రొట్టెలు కాల్చే ఆయన్ని ఆ వీధంతా బాబాయ్ అనేది. కాబట్టి ఆయన భార్య అందరికీ పిన్ని. ముందు గదిలో అద్దాల బీరువా, వెనక గదిలో ఇటుకల పొయ్యి, ఆ వేడి తగలని మూలన తెల్లగుడ్డ కప్పిన పింగాణీ జాడీ. జాడీలో ఉండేది తోడుపిండి. రోజూ గుప్పెడు పిండి, గుక్కెడు నీళ్లు పోసి ముప్పై ఏళ్లుగా బతికించుకొస్తున్న పులిసిన ముద్ద. ఏ రోజు రొట్టెలైనా దాని చలవతోనే పొంగాలి. కంటికి కనపడని జీవాలు అందులో ఊపిరి తీస్తుంటాయని, గుడ్డ ఎత్తగానే వచ్చే పుల్లటి వాసన వాటి పలకరింపేనని బాబాయ్ అనుకునేవాడు.

పిండి పదునుకొచ్చిందో లేదో ఆయన గడియారాన్ని అడగడు. చిటికెన వేలితో రవ్వంత తీసి నాలుక మీద పెట్టుకుంటాడు. కళ్లు మూసుకుంటాడు. ఆ కాస్సేపూ వీధి వీధంతా ఎక్కడికో దూరంగా జరిగిపోతుంది. "ఊఁ" అంటే పిండి పొయ్యిలోకి. "ఊహూఁ" అంటే ఆగాలి. పిన్నిని జాడీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. అదేం పెద్ద పట్టింపు కాదు, ఉత్త మురిపెం.

ఆయన కడుపులో మాత్రం ఇంకో పొయ్యి ఉండేది. ఖాళీగా ఉంటే భగ్గుమనేది, ఏదో ఒకటి పడితే అణిగేది. అందుకని జేబులో ఎప్పుడూ ఎండు రొట్టెముక్క ఉండాల్సిందే.

"కోపమండీ అది. కక్కకుండా మింగుతారు. ఊరుకుంటుందా?" అనేది పిన్ని.

"నీమీద వచ్చేదే ఎక్కువ. కక్కితే నువ్వు ఊరుకుంటావా?" అనేవాడు.

ఒక ఉదయం తట్ట ఎత్తబోయి ఆయన గోడకు జారగిలబడిపోయాడు. మొహం పిండిలా పాలిపోయింది. విరేచనం నల్లగా అవుతోందని అప్పుడు నోరు విప్పాడు. వారం నుంచీ దాచాడట. పిన్ని దుకాణం తలుపు దగ్గరకేసి ఆస్పత్రికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ సన్నటి గొట్టం లోపలికి పంపి చూసింది. పుండు ఉంది, నెత్తురు కారుతోంది. పుండు పక్క నుంచి చిటికెడు కండ తీసి పరీక్షకు పంపింది. మూడు రోజుల తర్వాత ఇద్దర్నీ కూర్చోబెట్టింది.

"మీరన్నట్టు కోపం కాదు పిన్నిగారూ, క్రిమి. మరమేకులా మెలితిరిగి ఉంటుంది. ఇనుము లాంటివాళ్లనీ తొలిచేస్తుంది. కడుపులో ఆమ్లానికి ఏదీ బతకదనుకుంటాం కదా, ఇది తన చుట్టూ ఆ ఘాటు విరిచేసుకుని జిగురుపొరలో కాపురం పెడుతుంది. చిన్నప్పుడే చేరి ఉంటుంది. చాలామందిలో ఉంటుంది, కొందరికే ఇలా పుండు చేస్తుంది."

బాబాయ్ కుర్చీ అంచుకు జరిగాడు. "నా జాడీలోంచి వచ్చిందా అమ్మా? పచ్చిపిండి నాకుతుంటాను. ఊరందరికీ పెట్టానా దీన్ని?"

"అబ్బే, వాటికీ దీనికీ చుట్టరికమే లేదు. పైగా పొయ్యిలోంచి ఏది బతికొస్తుంది చెప్పండి?" అంది. ఆయన భుజాలు దిగాయి. "పద్నాలుగు రోజులు, రెండు పూటలా ఇన్ని మాత్రలు. పుండు మానడం సంగతి అటుంచి, సగంలో ఆపితే మిగిలినవి మొండికేస్తాయి. మళ్లీ నెత్తురు పడితే తమాషా కాదు. నోరు చేదెక్కుతుంది. ఓర్చుకోవాలి."

తోవంతా ఆయన జేబులోని రొట్టెముక్కను నలుపుతూనే నడిచాడు. ఒకదాన్ని చేతులారా సాకాను, ఇంకోటి చెప్పాపెట్టకుండా నన్నే తిని పెరిగింది అనుకున్నాడు.

రెండో రోజుకల్లా నోట్లో ఇనప తాళంచెవి పెట్టుకున్నట్టయింది. చక్కెర ఇనుము. నీళ్లు ఇనుము. పిండి నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంటే వెనక ఏమీ లేదు, తలుపు మూసిన గదిలా. అలవాటు మీద "ఊహూఁ" అన్నాడు, ఇంకా ఆగాడు, ఇంకా ఆగాడు. మధ్యాహ్నం పక్కవీధి మేష్టారు సగం తిన్న రొట్టె పట్టుకొచ్చాడు.

"బాబాయ్, ఇది రొట్టా, నిమ్మకాయా? పన్ను జివ్వుమంది!"

ఎవరైనా చెయ్యి చేసుకున్నా అంత నొచ్చుకునేవాడు కాదు. ఐదో రోజు నుంచి మాత్రలు పొయ్యిలో పడ్డాయి.

ఏడో రోజు సాయంత్రం పిన్ని సూప్ గిన్నె ముందు పెట్టింది. ఒక చెంచా తాగి, "ఉప్పు ఒక రవ్వ తగ్గిందోయ్" అన్నాడు.

పిన్ని చేతిలో గరిటె ఆగిపోయింది. "మొన్నటిదాకా చక్కెర కూడా ఇనుమేనన్న మనిషికి ఉప్పు తగ్గిన సంగతి ఎలా తెలిసింది?"

ఆయన చెంచా కింద పెట్టాడు.

"ఎన్ని రోజులైంది ఆపి?"

"మూడు... నాలుక పోతే నేనెవర్ని చెప్పు? ఇంకేం వచ్చు నాకు?"

పిన్ని ఎదురుగా కూర్చుంది. తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుని, మళ్లీ తెరిచింది. "మీరు చెడగొట్టిన మొదటి రొట్టె నుంచి నిన్నటి దానిదాకా ఎవరు తిన్నారు? మాడినవీ నేనే, అట్టకట్టినవీ నేనే. ముప్పై ఏళ్లుగా నాకు మాత్రం నోట్లో ఉన్నది చెక్కముక్కా?"

మర్నాడు డాక్టరమ్మ ఆయనకు బాగా చివాట్లు పెట్టి, మొదటి రోజు నుంచీ లెక్క మళ్లీ మొదలన్నది. ఆయన మాత్రలు మింగాడు. జాడీ గుడ్డ పిన్ని ఎత్తింది.

"ఎలా ఉంది? లేత వెలుగులా ఉందా? ఇంకా మేలుకోని పులుపా, లేచి కూచున్నదా?" ఇన్నాళ్లూ నాలుకకే వదిలేసినదాన్ని మొదటిసారి మాటల్లో పెట్టబోయి తడబడ్డాడు.

"వెలుగూ లేదు, చీకటీ లేదు. పుల్లగా ఉందా అని అడగండి, చెప్తాను."

"పుల్లగా ఉందా?"

"నిన్నటి పెరుగంత."

"అయితే ఆగాలి. ఇప్పుడో?"

"ద్రాక్షపండు తొక్క."

"ఇంకొంచెం."

"ఇప్పుడు మీరు అలిగినప్పటి మొహం."

"అదే! తోసెయ్ పొయ్యిలోకి!"

అలా పద్నాలుగు రోజులు. మేష్టారు ఈసారి రొట్టె తిరిగి తేలేదు, రెండోది అడగడానికొచ్చాడు. కడుపులో మంట ఒక్కో రోజూ ఒక్కో అంగుళం కుంగింది. కొద్ది వారాలు ఆగి, సంచిలోకి ఊపిరి ఊదించి పరీక్ష చేశారు. క్రిమి లేదు. ఇనుము కూడా ఎప్పుడో నోట్లోంచి దిగిపోయింది.

మర్నాడు బాబాయ్ చిటికెన వేలితో పిండి తీసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. లోపలి గదిలో తలుపు తెరుచుకుంది. "ఊఁ" అన్నాడు.

పిన్ని తనూ రవ్వంత నాలుక మీద పెట్టుకుంది. "ఊహూఁ. ఇంకో పది నిమిషాలు."

బాబాయ్ ఆమెను ఎగాదిగా చూశాడు. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. తర్వాత మెల్లగా వెళ్లి, ఆమె పక్కన పిండిబస్తా మీద కూర్చున్నాడు.