మగ్గం గుంజకు కట్టిన పిల్ల

కాంచన కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు ఆ వీధిలో ఒక్కరూ లేరు. అన్నం తినేటప్పుడు కూడా ఒక కాలు మడుచుకుని, రెండో కాలు గడప వైపు చాచి ఉంచేది. కాలుగాలిన పిల్లి అన్నవాళ్ళు అన్నారు. దీన్ని కట్టుకునేవాడు ముందు పరుగు నేర్చుకోవాలని నవ్వినవాళ్ళు నవ్వారు. నవ్వడానికేం, ఎవరైనా నవ్వుతారు. ఆ కాళ్ళకు అంత తొందర ఊరికే రాలేదు. మూడేళ్ళపాటు కట్టేసిన కాళ్ళవి.

కట్టేయడమంటే మాటవరసకు కాదు. తిరుత్తణి కొండకింది ఆ నేతవీధిలో ప్రతి ఇంట్లోనూ మగ్గం గుంట ఉంటుంది. మగవాడు గుంటలోకి కాళ్ళు దించి నేస్తుంటాడు. ఆడది పక్కనే రాట్నం ముందు కూర్చుని మగ్గానికి అందించే నూలు కండెలు చుడుతుంటుంది. కండె అందకపోతే మగ్గం ఆగుతుంది. మరి పాకే పిల్లను చూసుకునే చెయ్యి ఎక్కడుంది? అందుకని తుక్కు నూలును తాడుగా పేని, ఒక కొస పిల్ల నడుముకూ, ఇంకో కొస మగ్గం గుంజకూ కడతారు. పిల్ల గుంటలో పడదు, వీధిలోకి పోదు. తాడెంత ఉంటే లోకం అంత. అది తప్పని ఎవరూ అనుకోరు, తామూ అలా పెరిగినవాళ్ళే కదా.

కాంచన మాత్రం మరిచిపోలేదు. నడుముకు ఒరుసుకునే నూలు, ఎంత ఏడ్చినా మింగేసే మగ్గం చప్పుడు, ఇటువైపు ఒక్కసారీ తిరగని నాయన చౌడయ్య వీపు. ఆ వీపు మీద పుట్టిన కోపం ఆమెతోపాటే పెరిగింది.

తాడు విప్పాక కాళ్ళు ఊరుకుంటాయా? 1970లో, ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు, చౌడయ్య కొత్త పడుగు, అంటే బట్టకు నిలువు పోగులు, వేశాడు. తెల్లవారేసరికి ఆ పడుగును రెండు కొయ్యల మధ్య వీధి పొడవునా లాగి కట్టి, కుంచెతో గంజి పట్టిస్తారు. ఎండ ముదిరేలోగా పని అయిపోవాలి. మధ్యలో ఆపితే పోగులన్నీ అంటుకుపోయి నెల రోజుల కష్టం మట్టిపాలు. అందుకే పడుగు ఎవరిదైనా వీధి వీధంతా సాయానికి దిగుతుంది, పిలవక్కర్లేదు. దాన్ని అడ్డంగా దాటడానికి మాత్రం వీల్లేదు. పెళ్ళివాళ్ళయినా చుట్టూ తిరిగి పోవలసిందే.

కాంచన చుట్టూ తిరగలేదు. స్టేషన్ వైపు రైలు కూత వినపడిందని పడుగులోంచి దూసుకుపోయింది. ఎన్ని పోగులు తెగాయో లెక్కలేదు. చౌడయ్య ఒక్క దెబ్బ కూడా వెయ్యకుండా అంటుకుపోయిన పోగులు విడదీసుకుంటూ మధ్యాహ్నం దాకా ఒక్కొక్కటీ అతికాడు. చివర్న మాత్రం ఒక మాట అన్నాడు.

"ఇంక నువ్వు పడుగు తావుకు రావద్దు."

కొట్టి ఉంటే మరిచిపోయేదేమో. ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది.

బడిలో పంతులమ్మ కస్తూరమ్మ ఒకరోజు ఇంటికొచ్చి కాంచన తల్లి వళ్ళియమ్మతో, "ఈ పిల్ల కాళ్ళకు మనం పని చూపించాల. లేకుంటే అవే ఏందో ఒకటి చూసుకుంటాయి" అని చెప్పింది. చౌడయ్య నేత ఆపలేదు. వళ్ళియమ్మే ఒక సంచిలో రెండు పావడాలు కుక్కి, కూతుర్ని తిరువళ్ళూరు హాస్టలుకు పంపింది. అక్కడ చదువంతా అరవంలోనే. తెలుగు ఆమెకు మాట్లాడే భాషగా మిగిలిపోయింది గానీ చదివే భాష కాలేదు. పదకొండో తరగతి పాసై, ట్రైనింగు పూర్తి చేసి, 1981లో గ్రామసేవికగా చేరింది.

ఆ ఉద్యోగం ఆమె కాళ్ళ కోసమే పుట్టినట్టుంది. వెంగల్, తామరైపాక్కం ఊళ్ళ పొలంగట్ల మీద పొద్దుటినుంచి సాయంత్రం దాకా తిరిగేది. నాట్లు వేసే ఆడవాళ్ళ పక్కన తానూ బురదలోకి దిగి, నడుము వంచి నాటుతూనే సంగతులు చెప్పేది. మూడేళ్ళలో రెండు ఊళ్ళలో ఆడవాళ్ళ సంఘాలు నిలబెట్టింది. తల్లులు పనిలో ఉన్నంతసేపూ పిల్లలను చూసుకునే బాలవాడీ తెప్పించింది. పైవాళ్ళు భేష్ అన్నారు. అయినా ఆమెకు నిద్ర పట్టేది కాదు.

పండక్కి ఇంటికి వచ్చినప్పుడు చూసింది. ఎదురింటి సెల్లమ్మ కూతురు, ఏడాదిన్నర పిల్ల, గుంజకు కట్టి ఉంది. తాడు చివరిదాకా వచ్చి, చేతులు గడప మీద పెట్టి వీధిలోకి చూస్తోంది. ఊరందరి పిల్లలకూ బాలవాడీ పెట్టి, సొంత వీధిని తాడుకు వదిలేశానే అని కాంచన సిగ్గుతో చచ్చిపోయింది. తిరుగురైల్లో సీటు ఖాళీగా ఉన్నా తిరువళ్ళూరు వచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడింది. మర్నాడే తిరుత్తణికి బదిలీ అడిగింది.

బదిలీ వచ్చింది, దాంతో పాటు షరతూ వచ్చింది. ఆఫీసరు జగన్నాథన్ చెడ్డవాడు కాడు, కానీ కాగితం మనిషి. ఇరవై మంది ఆడవాళ్ళు తన ముందు తమ నోటితో పేర్లు చెబితేనే బాలవాడీ, లేకపోతే అది ఇంకో ఊరికి పోతుంది అన్నాడు. నెల గడువిచ్చాడు.

ఇరవై మందిని కూడగట్టడం ఎంతసేపు అనుకుంది కాంచన. అమావాస్యకు మగ్గాలు ఆగుతాయి కదా, ఆ రోజే ఆడవాళ్ళ కూటం పెట్టింది. బడి వసారాలో చాప పరిచి సాయంత్రం దాకా చూసింది. ఒక కుక్క వచ్చి కాసేపు పడుకుని పోయింది.

"మగ్గానికి సెలవుంటే మాకుంటుందా?" అంది సెల్లమ్మ మర్నాడు. "ఇంటిల్లిపాదికీ తలకు పోయాల, ఇల్లలకాల, వచ్చే వారానికి కండెలు చుట్టి పెట్టాల. నువ్వు నేతోళ్ళ పిల్లవే గదక్కా, అమావాస్య అంటే ఏందో మరిచిపోయినావా?"

మరిచిపోలేదు. అసలు ఎప్పుడూ చూడలేదు. సెలవంటే నాయన సెలవే కళ్ళబడింది గానీ, అమ్మ చేతులు ఆరోజు ఏంచేస్తున్నాయో చూసే ఓపిక ఆ కాళ్ళకు ఎక్కడిది! ఆ సంగతి ఆమెను లోపల కోసింది.

మగవాళ్ళ గొణుగుడు వేరే. మగ్గం చప్పుడు వింటూ పెరిగితేనే పిల్లకు పని పట్టుబడుతుందని వాళ్ళ వాదన. చౌడయ్య మగ్గం గుంటలోకి దిగాడు. ఎప్పటిలా వీపు చూపించాడు. ఇంటింటికీ తిరిగి అడిగితే ఆడవాళ్ళు తలూపేవాళ్ళు, పేరు చెబుతావా అంటే లోపల నేస్తున్న మొగుడి వైపు చూసేవాళ్ళు. గడువు ఇంక నాలుగు రోజులుంది.

ఆ తెల్లవారుజామున పడుకోలేక వీధిలో పడి నడుస్తున్న కాంచన, ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎవరిదో పడుగు లాగారు. దానికి రెండు పక్కలా, తెగిన పోగులు అతకడానికి, వీధిలోని ఆడవాళ్ళందరూ వరసగా నిలబడి ఉన్నారు. ఇంతకంటే పెద్ద కూటం ఎవరు పెట్టగలరు? తన చాప దగ్గరికి వాళ్ళు రాలేదని ఏడ్చింది గానీ, వాళ్ళున్న చోటికి తాను పోలేదు. తనను రావద్దన్న చోటు అదే మరి.

మూడో రోజు చౌడయ్య పడుగు. ఆరింటికల్లా రమ్మని ఆఫీసరును బతిమాలింది. ఆరింటికి ఎవరమ్మా వస్తారు అని ఆయన విసుక్కుంటూనే ఒప్పుకున్నాడు. తాను చీకటితోనే వీధిలోకి వచ్చింది. పోగులతికే వరసలో ఎప్పుడూ ఉండే తంగమ్మకు ఆ రోజు జ్వరం, ఆమె నిలబడే చోటు ఖాళీగా ఉంది. పద్నాలుగేళ్ళ తరువాత కాంచన పడుగు పక్కన నిలబడింది. కుంచె పట్టుకున్న చౌడయ్య ఆమెను చూశాడు.

"చెయ్యి తడుపుకో. పొడి చేత్తో పట్టుకుంటే పోగు తెగుతుంది" అన్నాడు.

జీపు వచ్చి పడుగు కొయ్య దగ్గర ఆగింది. హారన్ కొట్టినా ఎవరూ కదల్లేదు. జగన్నాథన్ దిగి, కాగితాల అట్ట చంకలో పెట్టుకుని, పడుగు వెంబడే నడుస్తూ వచ్చాడు. బాలవాడీ కావాలన్నవాళ్ళు పేర్లు చెప్పండమ్మా అని అరవంలో అడిగాడు. ఆ వీధిలో అందరికీ రెండు భాషలూ వచ్చు, అర్థం కానిదేమీ లేదు. అయినా ఒక్క నోరూ లేవలేదు. ఎదురుగా మగవాళ్ళున్నారు. సెల్లమ్మ పోగు మీదికి ఇంకా వంగిపోయింది. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. కాంచన కాళ్ళు పారిపొమ్మంటున్నాయి.

"నా పేరు రాసుకోండి సారూ. వళ్ళియమ్మ."

అవతలి పక్కనుంచి అమ్మ గొంతు. జగన్నాథన్ ఆ నెరిసిన తలను చూశాడు. "నీకు చిన్నపిల్లలున్నారా అమ్మా?"

"ఉండింది. అదిగో, ఆ పక్క నిలబడుండాదే, అదే." వళ్ళియమ్మ చేతులు పోగు అతుకుతూనే ఉన్నాయి. "మూడేండ్లు గుంజకు కట్టేసినా. వాళ్ళ నాయన వద్దనే అన్నాడు. నేనే కట్టినా. ఆయప్ప చూడలేక అటు తిరిగి నేసేవాడు. కండె ఆగితే కూడు ఆగుతుంది గదా సారూ. బిడ్డ ఏడుపు వినపడకుండా రాట్నం గట్టిగా తిప్పినా. ఇంకెవురూ అట్ల తిప్పగూడదు. రాసుకోండి."

చౌడయ్య కుంచె ఆగింది. ఆయన చేతిలో కుంచె మధ్యలో ఆగడం ఆ వీధి ఎన్నడూ చూడలేదు.

"నిలబెట్టొద్దు, గంజి ఆరిపోతుంది" అంది వళ్ళియమ్మ. కుంచె మళ్ళీ కదిలింది.

"సెల్లమ్మ" అంది సెల్లమ్మ, తల ఎత్తకుండానే. ఆ పక్కన వరదమ్మ. ఆపైన ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు. జగన్నాథన్ పడుగు ఈ కొసనుంచి ఆ కొసకు రాసుకుంటూ పోయి, తిరిగి రెండో పక్కన రాసుకుంటూ వచ్చాడు. పేర్లు ఇరవై దాటాయి.

కాంచనకు అవేవీ వినపడలేదు. ఇన్నేళ్ళూ ఎవరి మీద కోపం పెంచుకుంది తను! అమ్మ దగ్గరికి పోవాలి, అదీ ఈ క్షణమే పోవాలి. మధ్యలో పడుగు ఉంది. ఒక అడుగు ముందుకు పడబోయి ఆగింది. గంజి పని పూర్తయ్యేదాకా తంగమ్మ చోటు వదలకుండా నిలబడింది. తరువాత కొయ్య దాకా నడిచి, చుట్టూ తిరిగి, అమ్మ పక్కకు చేరింది.

వళ్ళియమ్మ గంజి చేత్తోనే కూతురి నడుమును, ఒకప్పుడు తాడు ఒరుసుకున్న చోట, ఒకసారి తడిమింది.