ఎదురుగాలిలో నా వంతు

తడ నుంచి మైపాడు దాకా మూడు రోజుల సైకిలు యాత్ర అని టీకొట్టు గోడకు కాగితం అంటించారు. కింద "వయసుతో పని లేదు" అని ఉంది. నేను బడికి పోయింది రెండేళ్లే. బట్టలు పొట్లం కట్టే పాత పేపర్లు చదివి చదువు నేర్చుకున్నవాణ్ణి కాబట్టి, అచ్చులో ఉన్న మాటను నమ్ముతాను. నలభై ఏళ్లు సైకిలు మీద బట్టల మూట పెట్టుకుని ఇందుకూరుపేట చుట్టుపక్కల ఊళ్లు తిరిగి అమ్మాను. పేరు రాయించాను.

మొత్తం తొమ్మిదిమందిమి. నడిపించేది తడ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే ఇంజనీరు. వాళ్ల సైకిళ్లకు గేర్లున్నాయి, నాదానికి క్యారియరుంది. బయల్దేరే ముందు అతను పద్ధతి చెప్పాడు. ఒకరి వెనక ఒకరు బారుగా పోవాలి. ముందున్న మనిషి గాలిని కోస్తాడు, వెనకవాళ్లకు శ్రమ తగ్గుతుంది. రెండు కిలోమీటరు రాళ్లు దాటాక అతను తప్పుకుని చివరికి చేరితే, తర్వాతి మనిషి ముందుంటాడు.

ఒకరి వీపు చాటున పోవడమేమిటని నేను విడిగా తొక్కాను. వానలు తగ్గుముఖం పట్టిన రోజులు, ఈశాన్యం గాలి. సూళ్లూరుపేట దాటేసరికి తొడలు పట్టేశాయి. వాళ్లు చాలా ముందుకు పోయారు. బడిపంతులమ్మ ఒకామె నాకోసం వెనక్కి వచ్చింది.

"తాతా, నా వెనక చక్రం చూసుకుంటా రా."

"నీ వెనక రావడానికి నేనేమన్నా దూడనా అమ్మా?"

"దూడయితే ఈపాటికి మాట వినుండేది."

ఆమె వెనక చేరాను. ఎవరో తలుపు మూసినట్లు గాలి ఆగిపోయింది. ఈ సుఖం తెలియకుండా నలభై ఏళ్లు తొక్కినందుకు నామీద నాకే కోపం వచ్చింది.

అయితే అందరి వంతులూ వచ్చాయి, నాది రాలేదు. నా ముందు మనిషి తప్పుకోగానే ఇంజనీరు వెనకనుంచి వచ్చి ముందు నిలిచేవాడు. మొదటిసారి పొరపాటనుకున్నాను. రెండో రోజంతా అదే వరస. మూడోనాటి పొద్దున నెల్లూరులో టిఫిను దగ్గర అడిగేశాను.

"నా వంతు ఏమైంది?"

"మీకెందుకు పెద్దాయనా కష్టం? హాయిగా వెనక రండి."

"ఊరికే తినేవాళ్ల కింద జమకట్టినావా నన్ను? వయసుతో పని లేదని రాసింది నువ్వే గదా!"

అతను దోసె తుంచడం ఆపాడు. "మీరు ముందుంటే అందరం నిదానమైపోతాం. సముద్రం గాలి లేచేలోపల మైపాడు చేరాల."

"ఆ ముక్క మొదటే చెప్పుండాల్సింది. అయినా పద్ధతి పెట్టింది నువ్వు. నాకొక పద్ధతి, మీకొక పద్ధతా?"

"ఇచ్చేయన్నా," అంది పంతులమ్మ. "లేకుంటే మైపాడు దాకా ఈయన అరుపులే వినాల."

ఇందుకూరుపేట దాటాక ఇంజనీరు చెయ్యి ఊపి నన్ను ముందుకు పిలిచాడు. అప్పటికే గాలి లేచింది, సరిగ్గా మొహం మీదికే. ఒకప్పుడు ఇక్కడ సరుగుడు తోపులు గాలిని ఆపేవి. కొట్టేసి రొయ్యల గుంటలు తవ్వారు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. తల వంచి తొక్కాను. నడక కంటే కాస్త వేగం, అంతే. వెనక ఎనిమిదిమంది బ్రేకులు పట్టుకుంటూ వస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఒక్కరూ దాటిపోలేదు. ఈ దారిలో ఇన్నేళ్లూ నా వెనక ఉన్నది బట్టల మూట ఒక్కటే.

రెండో రాయి దాటింది. తప్పుకోవాలని తెలుసు. తప్పుకోలేదు. ఊపిరి అందకపోయినా మూడోదీ దాటించాను. ఇంజనీరు పక్కకు వచ్చాడు.

"పెద్దాయనా, మూడు రాళ్లయినాయి."

"నేను చూళ్లేదే," అన్నాను. అబద్ధం.

"రెండు రోజులు మీ వంతు నేను తిన్నా. ఇప్పుడు నా వంతు మీరు తింటుండారు."

నవ్వొచ్చింది. ఎడమకు తప్పుకుని, అందరూ దాటాక చివరన చేరాను. మైపాడు దాకా నోరెత్తలేదు.