మా తాతయ్య దొర నడక

నా చిన్నప్పుడు మా తాతయ్యను చూసి నవ్వనివాళ్ళు సోగత్తూరులో ఎవరూ ఉండేవారు కాదు. నవ్వించడానికి ఆయన ఏమీ చేయనక్కర్లేదు. భుజాన తుండుగుడ్డ వేసుకుని ధర్మపురి బస్సు కోసం నిలబడితే చాలు, అటుగా పోయేవాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవారు. కడత్తూరు సంతలో వంకాయలమ్మే ఆమె, ఆయన బేరం మొదలుపెట్టకముందే కడుపు పట్టుకుని నవ్వి, ఆ నవ్వు ఖరీదుగా గుప్పెడు పచ్చిమిరపకాయలు కొసరు వేసేది. ఆ కొసరు మీద మా ఇంట్లో ఎన్నో పచ్చళ్ళు నడిచాయి. అందుకే నాకు ఆ నవ్వంటే నామోషీ లేదు, గర్వంగానే ఉండేది.

ఆయన నాటకాల మనిషి. మా వాళ్ళు ఎన్ని తరాల కింద ఆ తమిళ గడ్డకు వచ్చారో మాకే తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు నేనైతే పెళ్ళయి చిత్తూరు వైపు వచ్చాక నేర్చుకున్నాను, మా తాతయ్యకు చివరిదాకా రాలేదు. ఆయన తెలుగులో ఎద్దులను అదిలించి, తమిళంలో నాటకం ఆడేవాడు. రాగులూ వేరుశనగా ఇంటికి చేరి, ఊరూరా అమ్మవారి పండుగలు మొదలయ్యే నెలల్లో ఒక వాద్యారు దగ్గర చేరి తిరిగేవాడు. వాద్యారంటే మా వైపు నాటకం నేర్పి ఆడించే పెద్ద. రాజు వేషం మాత్రం మా తాతయ్యకు ఒక్కనాడూ దక్కలేదు. మీసం రాకముందు చెలికత్తెగా మొదలుపెట్టి, భటుడు, గాజులవాడు, తాగుబోతు మామ, దొంగ సన్యాసి, చెవిటి జ్యోతిష్కుడు, ఇలా అన్నిటి మీదుగా నడుచుకుంటూ ముసలితనానికి వచ్చాడు. "కథలో రాజు ఒకడే. మిగిలిన ఊరంతా నేనే," అనేవాడు. పంపకాల్లో తనకే పెద్ద వాటా వచ్చిందన్నట్టు చెప్పేవాడు ఆ మాట.

ఆయనకు పేరు తెచ్చింది తెల్లదొర వేషం. ముఖమంతా పౌడరు, చెంపలకు కుంకుమ, మోకాళ్ళ దాకా ఖాకీ నిక్కరు, తలకంటే పెద్దదైన టోపీ. ఇవన్నీ ఎవరైనా వేసుకోవచ్చు, నడక మాత్రం ఆయన సొంతం. మన నేలను తొక్కడమే తనకు అవమానమన్నట్టు మోకాలు పైకెత్తి ఒక అడుగు వేసేవాడు, వెనక్కి తిరిగి ఆ అడుగును అనుమానంగా చూసేవాడు, నచ్చక నేల మీద కోప్పడి మళ్ళీ వేసేవాడు. ఇంగ్లీషులో ఆయనకు వచ్చింది ఎస్, నో, గెటవుట్. ఆ మాటలతోనే పన్ను వసూలు చేసేవాడు, రాణిని ప్రేమించేవాడు, దోమ కుట్టి జ్వరంతో చచ్చిపోయేవాడు. పిల్లలు నన్ను దొర మనవరాలు అని పిలిస్తే నేను దర్జాగా పలికేదాన్ని.

అయితే నవ్వుకు కూడా వేళాపాళా ఉండాలి కదా. ఒక వేసవిలో కడత్తూరులో మా తాతయ్య చిన్నాన్న కొడుకు పోయాడు. ఇద్దరూ కలిసి గోలీలాడి పెరిగినవాళ్ళు. మా వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. పెళ్ళికి పిలిస్తేనే వెళ్ళాలి. చావుకు మాత్రం ఎవరూ రమ్మనరు, మాట చెవిన పడితే చాలు, వెళ్ళి తీరాలి. వెళ్ళకపోతే ఆ తప్పు మనవల దాకా చెప్పుకుంటారు. తాతయ్య పూలమాల పట్టుకుని, అవ్వనూ నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళాడు. వాకిట్లో ఆడవాళ్ళు ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని గుండ్రంగా కూర్చుని, పోయినవాడి మంచితనం చెప్పుకుంటూ ఏడుపు పాట పాడుతున్నారు. తాతయ్య గడప ముందు చెప్పు విడవడానికి కాలు పైకెత్తాడు. పాపం, చెప్పు కోసం ఎత్తిన కాలే అది. పాడే ఆడవాళ్ళలో ఎవరికో దొర గుర్తొచ్చాడు. ముక్కులోంచి నవ్వు బయటపడింది. పక్కామె దాన్ని కొంగులో దాచబోయి తనూ నవ్వింది. పాట ఆగిపోయింది. పోయినవాడి పెద్దకొడుకు లేచి నిలబడి మా తాతయ్యను చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. తాతయ్య మాలను అరుగు మీద పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా వెనక్కి తిరిగాడు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక అవ్వతో అన్నాడు. "నన్ను చూస్తే పీనుగ కూడా లేచి నవ్వేటట్లుండాది మే. ఇంక నేను ఎవురింటికీ పోను. నువ్వే పోయి రా."

"సుమ్మా ఊరికుండు. నాలుగు దినాల్లో అందరూ మరిచిపోతారు," అంది అవ్వ.

జనం మరిచిపోయారేమో కానీ ఆయన మరిచిపోలేదు. తర్వాత ఎవరు పోయినా అవ్వ ఒక్కతే వెళ్ళి వచ్చేది. ఆ రోజుల్లో ఆయన పనున్నా లేకున్నా పొలంలోనే ఉండిపోయేవాడు, ఇంటికొచ్చి అన్నం కెలికి లేచేవాడు. అంతమందిని నవ్వించిన మనిషికి తన వాళ్ళ కోసం ఏడ్చే హక్కు లేకుండా పోయింది. అంత మాట అప్పుడు నాకు తెలియదు. మా తాతయ్యకు అన్యాయం జరుగుతోందని మాత్రం తెలిసి, నాకు ఊరందరి మీదా కోపం వచ్చింది.

మరుసటి ఏడు మా ఊరి మారెమ్మ పండుగకు వాద్యారు కొత్త నాటకం తెచ్చాడు. దొరల కాలం నాటి కథ. ఊరి కోసం తిరగబడిన కుర్రవాడు నాయకుడు. వాడి ముసలి తండ్రి వేషం ఒకటుంది, నాటకానికి అదే గుండెకాయ. కొడుకును దొర మనుషులు కాల్చి చంపారని విని ఆ తండ్రి గుండె బాదుకుని ఏడవాలి. ఆ వేషం కట్టే అతనికి గొంతు పూడిపోయిందని తెలిసి, మా తాతయ్య వాద్యారును మా వాకిట్లో కూర్చోబెట్టి, అది నాకివ్వు అని అడిగాడు. వాద్యారు తమిళుడు, మంచివాడు, చాలా మొహమాటపడ్డాడు. నువ్వు ఏడిస్తే జనం నవ్వుతారయ్యా, నాటకం చచ్చిపోతుంది అన్నాడు. మాటా మాటా అయ్యాక ఒక ఒప్పందానికి వచ్చారు. నవ్వు ఆగకపోతే తాతయ్య అక్కడికక్కడే ఆ రంగాన్ని హాస్యంలోకి తిప్పేయాలి, ఇక బతికినన్నాళ్ళూ ఏడుపు వేషం ఊసెత్తకూడదు. తాతయ్య సరేనన్నాడు. వాద్యారు వెళ్ళాక అవ్వ చేటలో రాగులు చెరుగుతూ నాతో అంది. "ఒక్కతూరి జనం ముందర ఏడిస్తే, ఇంక ఏ ఇంటికైనా తలెత్తుకోని పోవచ్చునని చూస్తావుండాడు మీ తాత."

అది కరెంటు కోతల కాలం. రాత్రి ఆట పెడితే దీపాలు ఎప్పుడు పోతాయో నమ్మకం లేదని, ఊరి పెద్దలు నాటకాన్ని మధ్యాహ్నం ఎండ తగ్గగానే మొదలుపెట్టించారు. అంటే ముఖాన్ని దాచే నీడ కూడా లేదు. పట్టపగలు, ఊరందరికీ తెలిసిన ముక్కు, ఊరందరికీ తెలిసిన చెవులు. నేను ముందు వరసలో పక్కింటి అక్క పక్కన కూర్చున్నాను. ఆ అక్క పెళ్ళీడు పిల్ల, మంచిది, కానీ ఆవలింత చూసినా నవ్వు వచ్చే రకం. నవ్వితే గిచ్చుతానని ముందే చెప్పి గోళ్ళు సిద్ధంగా పెట్టుకున్నాను. అటుపక్క కూర్చున్న వాళ్ళ నాన్న మాత్రం తాతయ్య రాకముందే పళ్ళన్నీ బయటపెట్టుకుని ఉన్నాడు. ఆయనకు దొర వేషమంటే ప్రాణం. అంత పెద్దాయనను గిచ్చడానికి నాకు ధైర్యం చాలలేదు.

తాతయ్య తెల్లగడ్డం పెట్టుకుని, చేతికర్రతో వచ్చాడు. అనుకున్నంతా అయింది. జనం ఒక్కసారిగా గొల్లుమన్నారు. అక్కను ఎక్కడ గిచ్చాలో నాకు తెలియలేదు, ఆమె ఒళ్ళంతా నవ్వుతోంది. హార్మోనియం పక్కన నిలబడ్డ వాద్యారు తల పట్టుకున్నాడు.

తాతయ్య కోపగించుకుంటాడేమో, గంభీరంగా ముఖం పెడతాడేమో అని చూశాను. ఆయన నేరుగా వెళ్ళి, భార్య వేషం కట్టిన ఆమె ముందు కూర్చున్నాడు. కొడుకు జాడ తెలియక ఆ తల్లి ముద్ద ముట్టడం లేదు. తిను అని బతిమాలాడు. తిననంది. అప్పుడు ఆయన కర్ర పక్కన పెట్టి, ఆమెను నవ్వించడానికి దొరలాగా నడిచి చూపించాడు. మోకాలు పైకెత్తాడు, వెనక్కి తిరిగాడు, నేల మీద కోప్పడ్డాడు. జనానికి పండుగయింది. వాళ్ళు వచ్చింది దానికోసమే. ఆయన తొందరపడలేదు. నవ్వు పల్చబడే కొద్దీ ఇంకోసారి నడిచి, వాళ్ళకు కావలసినంతా వడ్డించాడు. నవ్వీ నవ్వీ అలసిపోయి జనం కళ్ళు తుడుచుకున్నారు. ఆ తల్లి కూడా నవ్వి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఒప్పందం ప్రకారం నాటకాన్ని హాస్యంలోకి తిప్పేశాడు, ఓడిపోయాడు అనుకుని నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు వాకిట్లోకి ఒక మనిషి వచ్చి, తండ్రి చెవిలో కొడుకు చావు కబురు చెప్పి వెళ్ళిపోయాడు. తాతయ్య గుండె బాదుకోవాల్సిన చోటు అది. ఆయన బాదుకోలేదు. కూర్చున్న చోటునుంచే భార్య, ఎవరు వచ్చింది అని అడిగింది. దూడ తప్పిపోయిందట, వెతుక్కుంటున్నారు అన్నాడు. ఆమె ముద్ద చేతిలో పట్టుకుని, ఆ దొర నడక ఇంకోసారి చూపించు, ఇంకో ముద్ద తింటాను అంది. ఈ మాటలేవీ నాటకంలో లేవు. ఆమెతో మాత్రం ముందే చెప్పుకున్నాడట.

మా తాతయ్య లేచి నడిచాడు. అదే మోకాలు, వెనక్కి తిరిగిన అదే చూపు, నేల మీద అదే కోపం. ఒక్క వెంట్రుకవాసి కూడా మారలేదు. ఆమె నవ్వుతూ తింటోంది, ఆయన ఆమె చుట్టూ నడుస్తున్నాడు. జనంలో ఒక్కరూ నవ్వలేదు. వెనక ఎవరో పిల్లవాడు కిసుక్కున మొదలుపెట్టి, చుట్టూ చూసి ఆగిపోయాడు. హార్మోనియం ఆయన వాయించడం మరిచిపోయాడు. పక్కింటి అక్క నా చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది, వాళ్ళ నాన్న తలపాగా విప్పి ముఖం కప్పుకున్నాడు. మా తాతయ్య కంట్లో మాత్రం చుక్క నీరు లేదు. ఊరంతా ఆయన బదులు ఏడ్చింది.

మరునాడు ఆయన పొలం గట్టు మీద కూర్చుని సద్ది గంజి తాగుతుంటే అడిగాను, వాళ్ళు మొదట నవ్వినప్పుడు ఎందుకు ఆపలేదని. ఆయన మూతి తుడుచుకుని చెప్పాడు. "నవ్వు సుట్టం మాదిరి మే. తలుపేసుకుంటే పోదు, బయట నిలబడి కొడతానే ఉంటాది. లోపలికి పిలిచి కడుపు నిండా పెట్టినామనుకో, దానంతట అదే లేచిపోతాది. దాని ఎనకాల ఇంకొగటి నిలబడుంటాది. అప్పుడు దానికి చోటు దొరుకుతాది."

నాకు సగమే అర్థమైంది. మిగతా సగం ఆ వానాకాలంలో అర్థమైంది. పక్కింటి అక్క వాళ్ళ నాన్న, ఆ తలపాగా ఆయన, ఉదయం ఎద్దులకు నీళ్ళు పెడుతూ కూలబడి ప్రాణం వదిలాడు. అవ్వ వెంటనే వెళ్ళింది. తాతయ్య అలవాటు ప్రకారం పొలానికి వెళ్ళడానికి పార అందుకున్నాడు. నాటకం గెలిచినా, నిజమైన చావు ముందుకు వెళ్ళడానికి ఆయనకు ఇంకా కాళ్ళు రాలేదు. అంతలో అక్క జుట్టు విరబోసుకుని మా వాకిట్లోకి వచ్చింది.

"తాతా, నువ్వు రా. అమ్మ పొద్దుట్నించీ ఏడవనే లేదు. రాయి మాదిరి కూర్చోనుండాది. నాకు బయమేస్తా ఉంది."

చావుకు రమ్మని పిలవడం మా వాళ్ళలో లేదు. ఆయనను పిలిచారు. పార గోడకు ఆనించి, చొక్కా వేసుకుని బయలుదేరాడు. నేనూ వెంట వెళ్ళాను. గడప దగ్గర చెప్పు విడవడానికి కాలెత్తాడు. అక్క వాళ్ళమ్మ తలెత్తి చూసింది, చూసి నవ్వింది. అందరూ బిగుసుకుపోయారు. తాతయ్య ఈసారి వెనక్కి తిరగలేదు. వెళ్ళి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"నవ్వమ్మా," అన్నాడు.

"మామా, ఆయప్పకి నీ దొర ఏసమంటే ఎంత పాణం మామా! నట్టింట్లో నీ మాదిరే నడిచి చూపించేవాడు," అని ఇంకా గట్టిగా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే గొంతు విరిగింది. తర్వాత ఆమె ఏడ్చిన ఏడుపుకు నలుగురు పట్టుకోవాల్సి వచ్చింది. మా తాతయ్య కూడా ఏడ్చాడు, పౌడరు లేకుండా, గడ్డం లేకుండా, చిన్నపిల్లవాడిలాగా. ఎవరూ ఆయన వైపు వింతగా చూడలేదు.

ఆ తర్వాత ఆయన ఏ చావింటికీ వెళ్ళకుండా ఉండలేదు. దొర వేషమూ మానలేదు.

ఆయన పొలం ఎవరెవరికో పోయింది కానీ ముఖం మాత్రం నాకు వచ్చింది. అదే ముక్కు, అవే చెవులు. నేను నోరు తెరవకముందే జనం నవ్వు ముఖం పెడతారు. ఆస్పత్రిలో మంచం పట్టినవాళ్ళను చూడటానికి వెళ్ళినా, మనిషిని పోగొట్టుకున్న ఇంటికి వెళ్ళినా అంతే. నేను ఏడుపు ముఖం తెచ్చిపెట్టుకోను. గుమ్మంలో ఎవరైనా నన్ను చూసి నవ్వితే, లోపలికి జరిగి చోటిచ్చారనే అనుకుంటాను. వెళ్ళి పక్కన కూర్చుంటాను.