మరియమ్మ మామ్మ చెప్పిన నిన్నటి తిండి

దయ్యాలు, సోదె చెప్పడాలు నేను ఏనాడూ నమ్మలేదు. చదివేది పోషకాహార శాస్త్రం. కొలిచి చూసిందే ఒప్పుకోమని నేర్పే చదువు. బాబు నిద్రపోయాక కూర్చుని ఇది రాస్తున్నాను. పగలు ఎవరికైనా చెప్పబోతే మధ్యలోనే మాట మార్చేస్తున్నారు.

పీజీలో పరిశోధన పద్ధతుల పేపరుకు ఫీల్డ్ వర్క్ ఉంటుంది. నన్నూ, నా క్లాస్‌మేట్ సుజాతనూ కారంపూడి దగ్గర ఒక పల్లెకు వేశారు. సుజాతకు అక్కడ పిన్ని ఇల్లు ఉంది. నేను కారంపూడిలో ఒక గది తీసుకుని ఒక్కదాన్నే ఉన్నాను. మా ఆయన ఉద్యోగం హైదరాబాదులో. ఏడాది నిండని బాబును సత్తెనపల్లిలో అమ్మ దగ్గర వదిలి వచ్చాను. రాత్రుళ్ళు రొమ్ములు గట్టిపడి నిద్ర పట్టేది కాదు. బాత్రూంలో పాలు పిండి పారబోసి వచ్చి, గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

మా పని చూడటానికి తేలికే. నిన్న లేచింది మొదలు పడుకునే దాకా ఏం తిన్నారో అడగాలి. మన నోట ఏ కూర పేరూ రాకూడదు. వస్తే వాళ్ళు అదే తిన్నామంటారు. పిల్లల సంగతి అడగడం మరీ కష్టం. దిష్టి తగులుతుందని ఏ తల్లీ తన బిడ్డ బాగా తిన్నాడని చెప్పదు. చేత్తో ముద్దలు పెడుతూనే, "ఏం తింటాడమ్మా, గాలి తిని బతకతన్నాడు" అంటుంది.

మా అమ్మ తీరు దీనికి పూర్తిగా ఎదురు. ఎప్పుడు ఫోన్ చేసినా, "చానా బాగా తిన్నాడే, నీ చదువు నువ్వు చూసుకో" అనేది.

ఆ మధ్యాహ్నం మేమిద్దరం మరియమ్మ మామ్మ ఇంటికి వెళ్ళాం. ఒంటరి మనిషి. వసారాలో మిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చుంది.

"ఏందే, మొన్నొచ్చినోళ్ళు నీళ్ళ సంగతి అడిగారు, మీరు తిండి సంగతా? పెట్టేదేమన్నా ఉందా, అడిగి పోటమేనా?" అంది. సుజాత పడీపడీ నవ్వింది. నేను నిన్నటి తిండి గురించి అడిగాను.

మామ్మ చెయ్యి ఆగింది. "గంజి రెండు చెంచాలు తాగాడు. అదీ కక్కాడు, బాతుబొమ్మల తువ్వాలంతా పాడయింది. ఇప్పుడు ఏడవటం గూడా లా. మెడ వాల్చేశాడు" అంది.

"ఎవరు మామ్మా?" అన్నాను. ఆమె మళ్ళీ తొడిమలు తీసుకుంటూ ఉండిపోయింది.

బాతుబొమ్మల తువ్వాలు మా బాబుది.

వీధిలోకి పరిగెత్తి ఫోన్ చేశాను. "బాగా తిన్నాడే" అంది అమ్మ.

"అమ్మా, నిన్న గంజి కక్కాడా?"

అమ్మ గొంతు తగ్గించి, "నీకెవరు చెప్పారే?" అంది.

దొరికిన బస్సెక్కాను. వెళ్ళేసరికి వాడి కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. ఎత్తుకుంటే గుడ్డమూటలా వేలాడాడు. దండెం మీద బాతుబొమ్మల తువ్వాలు ఆరేసి ఉంది. "పళ్ళొచ్చేటప్పుడు విరోచనాలు మామూలే గదా అనుకున్నానే. చెబితే చదువు మానేసి వస్తావని..." అంటూ అమ్మ ఏడ్చింది. ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు. రేపటిదాకా ఆగి ఉంటే చెయ్యి దాటిపోయేదని డాక్టరు అన్నారు.

బాబు కోలుకున్నాక సుజాతతో కలిసి మళ్ళీ ఆ పల్లెకు వెళ్ళాను. మా పద్ధతి ప్రకారం అదే మనిషిని ఇంకో రోజు కూడా అడగాలి. ఆ రోజు పసివాడి గురించి ఎందుకు చెప్పావని మామ్మను అడిగాను.

"పసోడేందే? జొన్నన్నం, గోంగూర పచ్చడి అని చెప్పా. మతిమరుపు నాకా, నీకా?" అంది.

సుజాత వైపు చూశాను. "అదేగా చెప్పింది. నువ్వే ఉన్నట్టుండి లేచి బయటికి పరిగెత్తావు" అంది.

అమ్మకు ఆ పల్లెలో ఎవరూ తెలియదు. దిగులుతో లేనిది విన్నానని మా ఆయన అంటున్నారు. అయి ఉండవచ్చు. కానీ గంజి అనీ, కక్కింది ఆ తువ్వాలు మీదే అనీ నా దిగులుకు ఎలా తెలిసిందో నాకు అర్థం కాదు. నాకు వినిపించింది ఎవరి మాటో ఇప్పటికీ తెలియదు.

సుజాత విన్నదే నేనూ విని ఉంటే, ఆ సాయంత్రం ఇంకో రెండిళ్ళు చూసుకుని, గదికి వెళ్ళి పడుకునేదాన్ని.