అలల కొలనులో మోర్తాడ్ పసుపు

డిగ్రీ అయిన కొత్తలో నాకు గట్టి నమ్మకం ఒకటి ఉండేది. మనిషిని సంతోషపెట్టాలంటే బెల్టుతో బిగించి, పైకి లాగి, తలకిందులుగా వదిలేయాలి. ఇంత తెలివితక్కువ నమ్మకం నాకు ఒక్క రోజులో కుదిరింది. మేనమామ కుటుంబంతో హైదరాబాద్ దగ్గరి థీమ్ పార్కుకు వెళ్లి, రోలర్ కోస్టర్ దిగిన ప్రతిసారీ మళ్లీ వరుసలో నిలబడి, సాయంత్రానికి నా జీవిత ధ్యేయం తెలుసుకుని నిజామాబాద్ తిరిగొచ్చాను. (మామ ఆ రోజంతా నీడన కూర్చుని చెప్పులకు కాపలా ఉన్నాడు. సంతోషం గురించి ఆయన అభిప్రాయాలు వేరే ఉండి ఉండాలి, నేను అడగలేదు.)

ఆ ఊపులోనే బస్టాండు దగ్గర ఒక ట్రావెల్స్ ఆఫీసులో చేరాను. నన్ను నేను ట్రావెల్ అడ్వైజర్ అనుకునేవాణ్ణి. యజమాని సేఠ్ మాత్రం "ఓ పిలగా" అనేవాడు. వచ్చినవాళ్లు షిర్డీకో తిరుపతికో టికెట్లు అడిగితే నేను పార్కులోని అలల కొలను గురించి చెప్పేవాణ్ణి. వాళ్లు ఓపిగ్గా విని, పక్క ఆఫీసులో షిర్డీకి టికెట్లు తీసుకునేవాళ్లు. చివరికి సేఠ్‌కు విసుగొచ్చింది. "నీ పార్కుకు ఒక్క బస్సు నింపు. పోయినోళ్లు ఖుషీగ వస్తే కౌంటర్ నీదే. లేకుంటే దండం, ఇంటికి పో" అన్నాడు. ఇంటికి పోవడమంటే బాపు కిరాణా దుకాణంలో కారం పొట్లాలు కట్టడం. నేను బోధన్ బస్సెక్కాను.

బోధన్‌లో మా మేనత్త ఉంది. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక బీడీలు చుట్టి ఇల్లు నిలబెట్టిన మనిషి. ఆమె కదిలితే వాడంతా కదులుతుంది. ఒడిలో చాట పెట్టుకుని, తలెత్తకుండానే నా రోలర్ కోస్టర్ వర్ణన అంతా విన్నది. "పైసలిచ్చి గంత మీదికెల్లి పడుడెందుకురా? మా ఇంట్ల మిద్దె మెట్లు లేవా?" అన్నది. కారం పొట్లాలు కళ్లముందు మెదిలాయి. "పెద్ద నీళ్లుంటయ్ అత్తా. అలలొస్తయ్. అందరు మునుగుతరు" అన్నాను. ఆకు చుడుతున్న చెయ్యి ఆగింది. "గట్ల చెప్పు మరి!" ఆ సాయంత్రానికే బస్సు నిండింది. ఇంత సులువుగా ఎందుకు నిండిందని అనుమానపడేంత బుద్ధి అడ్వైజరుకు లేదు.

పార్కులో అలల కొలను దగ్గర చీరలతో నీళ్లలోకి దిగనివ్వరు కాబట్టి ఆడవాళ్లంతా గట్టున కాళ్లు తడిసేలా నిలబడ్డారు. సైరన్ మోగింది. మొదటి అల వచ్చింది. "తల్లీ గంగమ్మా!" అంటూ అత్త కొంగులోంచి పొట్లం విప్పింది. వెనకాల వాడంతా విప్పింది. మోర్తాడ్ చుట్టాలు పంపిన కొత్త పసుపు అది. దాని రంగుకు ఎదురులేదు. నీలం కొలను చూస్తుండగానే పులిహోర రంగుకు తిరిగింది. ఈలలు మోగాయి. సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చి, "ఏంటమ్మా ఇది?" అన్నాడు. అత్త అతణ్ణి జాలిగా చూసింది. "పసుపు కుంకుమ ఇయ్యకుంట నీళ్లల్ల కాలు వెడ్తరా బిడ్డా? పోచంపాడ్‌ల ఇచ్చినం, బాసర్ల ఇచ్చినం. మీరు ఇన్నొద్దులు ఇయ్యకుంటనే నడిపిస్తున్నరా?" అతను కొలను మూసి, మా ట్రావెల్స్ బస్సును ఇక గేటు లోపలికి రానివ్వనని నాకు చెప్పాడు.

"మునుగుతరు అంటివి, మంచిగ ముంచితివి" అన్నదొకామె. అత్త నా వైపు తిరిగింది. "పైసలు గంగల పోవాల్నా? మేం గా మీదికెల్లి పడేటియి ఎక్కం. మా అందరి తరఫున నువ్వే ఎక్కు. మేం కూసోని సూస్తం."

ఎక్కాను. మొదటిసారి ఆనందంగా అరిచాను. తర్వాత ఊరికే అరిచాను. ఆ తర్వాత అరవలేదు. కింద నీడలో వాడంతా కూర్చుని, "అగో, కండ్లు మూసిండు!" "అరె, బాపును యాద్ చేస్తున్నడే!" అంటూ పొట్టలు పట్టుకున్నారు. నేను దిగి చెత్తడబ్బాను కౌగిలించుకున్నప్పుడు సూపర్‌వైజర్ కూడా నవ్వాడు. పసుపు లేకుండా అయితే మళ్లీ రమ్మన్నాడు. బోధన్ చేరేదాకా బస్సులో నవ్వులే. సేఠ్ మాట నిలబెట్టుకున్నాడు, కౌంటర్ నాదైంది. కానీ తర్వాత వచ్చిన ప్రతి గుంపూ "గా పిలగాడు ఎక్కేదేనా?" అని అడిగేది. నేను తిరిగిన కొద్దీ బుకింగులు పెరిగాయి.

మరుసటి ఏడాది అత్త మళ్లీ వచ్చింది. "ఇది చిన్నపిల్లల రైలు అత్తా, ఊకె కూసునుడే" అని నేనే చెయ్యిపట్టి ఎక్కించాను. మలుపు దగ్గర ఫొటో తీసే కెమెరా ఉంటుందని చెప్పలేదు. కొప్పు ఊడి, నోరు తెరిచి, పక్కామె జుట్టు పట్టుకున్న అత్త ఫొటోను పెద్ద ఫ్లెక్సీగా వేయించి బోధన్ బస్టాండు ఎదుట కట్టించాను. మర్నాడే ఆమె ఆఫీసుకొచ్చింది. నేను కౌంటర్ వెనక కుర్చీ కాస్త జరుపుకున్నాను.

"ఫ్లెక్సీ సూసిన" అన్నది. "బస్టాండ్ల అందరు ఆగి సూస్తున్నరు. గంత పెద్దగ ఏసినవ్, కింద నా పేరెందుకు ఎయ్యలేదురా?"

పేరు వేయించాను. పక్కనే ఆమె ఫోన్ నంబరు కూడా. ఇప్పుడు ఒడిలో చాట, చెవికీ భుజానికీ మధ్య ఫోను. ఏ పార్కు మంచిది, ముసలోళ్లు ఏది ఎక్కొచ్చు అని పొద్దస్తమానం ఊరంతా ఆమెనే అడుగుతోంది. "బీడీ సుట్టనిస్తలేరురా!" అని నన్ను తిడుతుంది. ఆ తిట్లు వినడానికే అప్పుడప్పుడూ బోధన్ వెళ్తుంటాను. సలహాలివ్వడం ఎంత కష్టమో ఇప్పుడు మా కుటుంబంలో ఇద్దరికి తెలుసు.